స్ప్లాష్ స్క్రీన్ వెనక ఏం జరుగుతుంది? ప్లగిన్‌ల చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో మనం రోజూ చూసేదే, కానీ ఎప్పుడూ పట్టించుకోని ఒక పది సెకన్ల గురించి మాట్లాడుకుందాం. కంప్యూటర్లో ఏదైనా పెద్ద ప్రోగ్రాం ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేస్తాం. ముందు ఒక బొమ్మ వస్తుంది, దాన్నే స్ప్లాష్ స్క్రీన్ అంటారు. దాని కింద చిన్న అక్షరాల్లో ఏవేవో పేర్లు గబగబా మారిపోతూ ఉంటాయి. ఆ తర్వాతే అసలు ప్రోగ్రాం తెరుచుకుంటుంది. ఆ పేర్లన్నీ ఎవరివి? మనం ఒక్క అక్షరం కూడా కొట్టకముందే లోపల పని మొదలుపెట్టేసిన వాళ్ళెవరు? ఇవాళ్టి కథ అదే.

ముందు నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. 1998లో నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఒక డీటీపీ సెంటర్లో ఆపరేటర్‌ని. మాఘమాసం, పెళ్ళిళ్ళ సీజన్. శుభలేఖల ఆర్డర్లు గుట్టలుగా ఉన్నాయి. మా ఓనరుని మేమంతా బాబాయ్ అనేవాళ్ళం. ఆయన ఎవరి దగ్గరో ఒక సీడీ తెచ్చాడు. అందులో ఫోటోలకి రకరకాల ఎఫెక్టులు ఇచ్చే ప్లగిన్‌లున్నాయి. పేర్లెందుకులెండి. రాత్రి ఏడింటికి నేనే ఇన్‌స్టాల్ చేశాను. ఆ తర్వాత ఫోటోలు దిద్దే ప్రోగ్రాం తెరిస్తే స్ప్లాష్ స్క్రీన్ వస్తుంది, పేర్లు మారుతాయి, ఠక్కున మాయం! మళ్ళీ తెరిస్తే మళ్ళీ మాయం. ప్రోగ్రాం తీసేసి మళ్ళీ వేశాం. అదే తంతు. పొద్దున తొమ్మిదింటికి పెళ్ళివాళ్ళు వస్తారు. బాబాయ్ ముఖం చూడలేకపోయాను.

రాత్రి పదకొండింటికి పక్క ప్రెస్సులో పనిచేసే పెద్దాయన టీకని వచ్చాడు. ఐదు నిమిషాలు చూశాడు. ప్లగిన్‌ల ఫోల్డర్ తెరిచి, కొత్తగా వచ్చిన ఫైళ్ళని బయటికి లాగి పడేశాడు. ప్రోగ్రాం చక్కగా తెరుచుకుంది! "ప్రోగ్రాం పాడవలేదయ్యా. వచ్చిన చుట్టం గుమ్మంలోనే పడిపోయాడు. ఆయన్ని దాటి ఇంట్లోవాళ్ళు బయటికి రాలేకపోతున్నారు, అంతే" అన్నాడు. నాకు ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. మరి నేను తీసేసి మళ్ళీ వేసినా ఎందుకు బాగుపడలేదంటే, ప్రోగ్రాం కొత్తదే గానీ ఆ ఫోల్డర్లో చుట్టం మాత్రం పాతవాడే అన్నమాట.

బోర్డు చదవడం వేరు, వంట చేయడం వేరు

ప్లగిన్ అంటే ఏమిటంటే, ఒక ప్రోగ్రాంకి వేరేవాళ్ళు రాసి తగిలించే చిన్న ప్రోగ్రాం. దానికి కొత్త పనులు నేర్పుతుంది. ఐతే ఇక్కడ ఒక చిక్కు ఉంది. ప్లగిన్ ఉందని పెద్ద ప్రోగ్రాంకి తెలియాలి కదా? తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి.

మన టిఫిన్ హోటల్ తీసుకోండి. ఇడ్లీ, పెసరట్టు, పూరీ ఉన్నాయని గోడ మీద బోర్డు ఉంటుంది. మీరు బోర్డు చదివి పెసరట్టు చెప్తే, అప్పుడు పెనం మీద పిండి వేస్తారు. ఇది ఒక దారి. రెండో దారి ఏమిటంటే, హోటల్ తలుపు తియ్యకముందే బోర్డు మీద ఉన్న ప్రతి ఐటెమూ ఒక్కొక్క ప్లేటు వండి బల్లమీద పెట్టాకే మిమ్మల్ని లోపలికి రానివ్వడం! వినడానికి నవ్వొస్తుంది గానీ, చాలా ఏళ్ళు మన కంప్యూటర్లలో జరిగింది ఈ రెండోదే. రెండో దారి నుంచి మొదటి దారికి రావడానికి పట్టిన కాలమే ఈ చరిత్ర.

మొదట్లో అంతా మన చేతిరాతే

1960లలో అమెరికాలో ఎంఐటీ అనే విద్యాసంస్థలో సీటీఎస్ఎస్ అని ఒక కంప్యూటర్ వ్యవస్థ ఉండేది. ఒకే యంత్రాన్ని చాలామంది ఒకేసారి వాడుకునే ఏర్పాటు అది. దానికోసం లూయీ పూజాన్ అనే ఫ్రెంచ్ ఇంజనీరు రన్‌కామ్ అని ఒకటి రాశాడు. రోజూ కొట్టే ఆదేశాల్ని ఒక ఫైల్లో రాసిపెడితే, వాటిని వరసగా నడిపిస్తుంది. ఈనాటికీ యూనిక్స్, లినక్స్‌లలో మొదట నడిచే ఫైళ్ళ పేర్ల చివర "ఆర్‌సీ" అనే రెండు అక్షరాలు కనిపిస్తాయి చూడండి, అవి ఈ రన్‌కామ్ నుంచి వచ్చినవే.

అదే ఎంఐటీలో 1976లో ఈమ్యాక్స్ అనే ఎడిటర్ పుట్టింది. రిచర్డ్ స్టాల్‌మన్ పేరు దానితోనే ముడిపడి ఉంటుంది. తర్వాత 1980లలో ఆయన గ్నూ ఈమ్యాక్స్ రాశాడు. అది తెరుచుకునేటప్పుడు మీ ఫోల్డర్లో ఉన్న ఒక ఫైలు చదివి, అందులో ఏముంటే అది నడిపిస్తుంది. రంగులు మార్చుకోవచ్చు, కొత్త ఆదేశాలు చేర్చుకోవచ్చు, ఏమైనా చేసుకోవచ్చు. జనం ఏం చేశారు? ఆ ఫైల్లో వందల లైన్లు పేర్చేశారు! తెరుచుకోవడం నత్తనడక అయ్యింది.

దానికి ఈమ్యాక్స్‌లో ఒక మంచి ఉపాయం ఉంది. దాని పేరు ఆటోలోడ్. "ఫలానా ఆదేశం ఉంది, అది ఫలానా ఫైల్లో ఉంది" అని పేరు మాత్రం నమోదు చేసుకుంటారు. మీరు ఆ ఆదేశం మొదటిసారి వాడినప్పుడే ఆ ఫైలు లోపలికి వస్తుంది. మన హోటల్ బోర్డే ఇది! అంటే జవాబు మొదటినుంచీ ఉంది, కానీ మిగతావాళ్ళు దాన్ని నేర్చుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మన దేశంలో డాస్ మీద పనిచేసినవాళ్ళకి ఆటోఎగ్జెక్ డాట్ బ్యాట్ గుర్తుండే ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే నడిచే ఫైలు. అందులో ఒక లైను తప్పైతే గొడవే. 1993లో వచ్చిన ఎంఎస్ డాస్ 6లో ఎఫ్5 నొక్కితే ఆ ఫైల్ని దాటేసి వెళ్ళే సౌకర్యం ఇచ్చారు. ఎఫ్8 నొక్కితే ఒక్కొక్క లైనూ "నడపమంటావా?" అని అడుగుతుంది. "చుట్టాలెవరూ వద్దు, నన్ను లోపలికి పోనీ" అని చెప్పడానికి ఒక మీట ఉండాలన్నది ఈ చరిత్రలో మళ్ళీ మళ్ళీ కనబడుతుంది.

మ్యాక్ తెర అడుగున ఊరేగింపు

ఇక్కడిదాకా మొదట్లో నడిచేది మనం రాసుకున్నదే. తర్వాతి అంకంలో ఊరూ పేరూ తెలియనివాళ్ళు రాసినవి కూడా నడవడం మొదలైంది. దానికి ఆపిల్ మ్యాకింటాష్‌ని మించిన ఉదాహరణ లేదు. ఇది అప్లికేషన్ కాదు, ఆపరేటింగ్ సిస్టమే. కానీ పాఠం ఒకటే.

మ్యాక్ సిస్టమ్ ఫోల్డర్లో ఇనిట్ అనే రకం ఫైళ్ళు పడేస్తే, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు అవన్నీ ఒక్కొక్కటిగా నడిచేవి. 1991లో సిస్టమ్ 7 వచ్చినప్పుడు వీటికి ఎక్స్‌టెన్షన్స్ అని ప్రత్యేకంగా ఒక ఫోల్డర్ ఇచ్చారు. ఒక్కొక్కటీ నడుస్తుంటే తెర అడుగున దాని బొమ్మ ప్రత్యక్షమయ్యేది. ఒకటి, రెండు, పది, ఇరవై... బొమ్మల ఊరేగింపు!

చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ అవి ఏం చేసేవి? సిస్టమ్ లోపలి పనుల్ని మధ్యలో పట్టుకుని తమవైపు మళ్ళించుకునేవి. రెండు ఎక్స్‌టెన్షన్‌లు ఒకే పనిని పట్టుకుంటే ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది చాలా ముఖ్యం. ఆ వరస దేన్నిబట్టి? అక్షరక్రమాన్ని బట్టి! అందుకని జనం ఫైలు పేరు ముందు ఒక ఖాళీ పెట్టి దాన్ని ముందుకి తెచ్చేవాళ్ళు, వింత గుర్తు పెట్టి వెనక్కి నెట్టేవాళ్ళు. బడిలో హాజరు పట్టీలో ముందుండాలని పేరు మార్చుకున్నట్టు అన్నమాట.

సిస్టమ్ 7లో షిఫ్ట్ మీట పట్టుకుని ఆన్ చేస్తే ఎక్స్‌టెన్షన్‌లు ఏవీ నడవవు. సరే, అలా ఆన్ చేస్తే బాగానే ఉంది. అంటే తప్పు ఎక్స్‌టెన్షన్‌లలోనే ఉంది. కానీ ఎందులో? ముప్ఫైరెండు ఉన్నాయనుకోండి. ఒక్కొక్కటీ తీసి చూస్తే ముప్ఫైరెండు సార్లు ఆన్ చెయ్యాలి. దానికి బదులు సగం తీసెయ్యండి. గొడవ పోయిందా? ఐతే దొంగ తీసేసిన సగంలో ఉన్నాడు. ఆ సగంలో మళ్ళీ సగం. ముప్ఫైరెండు, పదహారు, ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి. ఐదు సార్లలో దొరికేస్తాడు! (ఒక్కడే దొంగైతే సుమా. ఇద్దరు కలిస్తేనే గొడవ వచ్చేదైతే ఇంకొంచెం శ్రమపడాలి.)

ఈ వెతుకులాటను తనంతట తానే చేసిపెట్టే ప్రోగ్రాం ఒకటి అప్పట్లో అమ్మేవారు. దాని పేరు కాన్‌ఫ్లిక్ట్ క్యాచర్. రాసింది జెఫ్ రాబిన్. ఈయనే తర్వాత సౌండ్‌జామ్ అనే పాటల ప్రోగ్రాం తయారీలో ఉన్నాడు. ఆపిల్ దాన్ని కొనుక్కుని ఏం చేసిందో తెలుసా? ఐట్యూన్స్ చేసింది!

వాకిట్లో పేరు రాసిన పలక

ఇదే కాలంలో ప్లగిన్ అనే మాట బొమ్మల ప్రోగ్రాంల ద్వారా జనంలోకి వచ్చింది. 1980ల చివర్లో సిలికాన్ బీచ్ అనే కంపెనీ తమ డిజిటల్ డార్క్‌రూమ్‌లో ఈ ఏర్పాటు పెట్టింది. 1990లో వచ్చిన ఫోటోషాప్‌కి మొదటి వెర్షన్ నుంచే ప్లగిన్‌లున్నాయి. ప్రోగ్రాం తెరుచుకునేటప్పుడు ప్లగిన్‌ల ఫోల్డర్ అంతా గాలించి, ఎవరెవరున్నారో చూసుకుని, మెనూలో వాళ్ళ పేర్లు పెడుతుంది.

ఐతే అడోబీ ఇంజనీర్లు తర్వాత ఒక తెలివైన పని చేశారు. ప్రతి ప్లగిన్‌లోనూ ఒక చిన్న వివరాల పట్టీ పెట్టించారు. నేను ఫిల్టర్‌ని, నా పేరు ఫలానా, మెనూలో ఫలానా చోట ఉంటాను అని అందులో రాసి ఉంటుంది. ఫోటోషాప్ ఆ పట్టీ చదివితే చాలు, లోపలి కోడ్‌ని నడపక్కర్లేదు. వాకిట్లో పేరు రాసిన పలక ఉంటే, ఇంటివాళ్ళని నిద్రలేపి "మీరెవరండీ?" అని అడగనక్కర్లేదు కదా!

చుట్టం రూపంలో వచ్చిన దొంగ

ఇప్పటిదాకా మన బాధలు రెండే: ఆలస్యం, లేదా కూలిపోవడం. 1995లో మూడోది వచ్చింది.

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో మ్యాక్రోలు రాసుకోవచ్చు. ఆటోఎగ్జెక్ అని పేరు పెట్టిన మ్యాక్రో వర్డ్ తెరవగానే దానంతట అదే నడుస్తుంది. ఫైలు తెరవగానే నడిచే ఆటోఓపెన్ అని ఇంకోటి ఉంది. ఇవన్నీ ఎక్కడ ఉంటాయి? నార్మల్ డాట్ అనే టెంప్లేట్‌లో. వర్డ్ తెరిచిన ప్రతిసారీ అది లోపలికి వస్తుంది.

1995లో కాన్సెప్ట్ అనే వైరస్ ఏం చేసిందంటే, ఒక మామూలు డాక్యుమెంట్‌లో కూర్చుంది. మీరు ఆ డాక్యుమెంట్ తెరవగానే తనని తాను నార్మల్ టెంప్లేట్‌లోకి కాపీ చేసుకుంది. ఇంకేముంది? ఆ తర్వాత వర్డ్ తెరిచినప్పుడల్లా అది లోపలే ఉంటుంది. మీరు సేవ్ యాజ్ చేసే ప్రతి డాక్యుమెంట్‌కీ అంటుకుంటుంది. అది పెద్దగా నష్టం చెయ్యలేదు గానీ, దారి చూపించింది. 1999 మార్చి 26న మెలిస్సా వచ్చింది. డాక్యుమెంట్ తెరిస్తే చాలు, మీ అవుట్‌లుక్ అడ్రస్ బుక్‌లోని మొదటి 50 మందికి మీ పేరుతో మెయిల్ వెళ్ళిపోయేది. ఆ మెయిళ్ళ తాకిడికి పెద్ద పెద్ద సంస్థల సర్వర్లే ఆపేయాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. వర్డ్ ఎవరి మాట విన్నది? నార్మల్ టెంప్లేట్ మాట. అందులో ఉన్నది యజమాని రాశాడా, దొంగ రాశాడా అని అది అడగలేదు. ఆ ఫోల్డర్లో ఉంటే చాలు, మనవాడే అనుకుంది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్ళలో మ్యాక్రోల్ని ముందే అడ్డుకోవడం మైక్రోసాఫ్ట్ మొదలుపెట్టింది ఎప్పుడో తెలుసా? 2022లో! కాన్సెప్ట్ వచ్చిన 27 ఏళ్ళకి.

బద్ధకమే మర్యాద

2001 నవంబరులో ఐబీఎం ఎక్లిప్స్ అనే ప్రోగ్రాంని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. ప్రోగ్రాంలు రాసేవాళ్ళ పనిముట్టు అది. హైదరాబాద్‌లో ఆ రోజుల్లో జావా నేర్చుకున్నవాళ్ళలో చాలామందికి ఇది బాగా తెలిసిన పేరే. దీని ప్రత్యేకత ఏమిటంటే, ఒక చిన్న పునాది తప్పించి మిగతా అంతా ప్లగిన్‌లే. వందల ప్లగిన్‌లు! అన్నిటినీ మొదట్లోనే నడిపిస్తే మనం కాఫీ తాగి రావచ్చు.

అందుకని వాళ్ళు ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ప్రతి ప్లగిన్‌కీ ఒక వివరాల ఫైలు ఉంటుంది. మొదట్లో ఎక్లిప్స్ వాటిని మాత్రమే చదివి మెనూలు, బటన్లు గీస్తుంది. మీరు బటన్ నొక్కినప్పుడే దాని వెనక ఉన్న కోడ్ లోపలికి వస్తుంది. ఎరిక్ గామా, కెంట్ బెక్ రాసిన ఎక్లిప్స్ పుస్తకంలో దీన్ని ఒక నియమంగానే పెట్టారు. అవసరమైతేనే లోడ్ చెయ్యాలి అని దాని సారాంశం.

మరి తప్పనిసరిగా మొదట్లోనే నడవాల్సినవాళ్ళ సంగతి? వాళ్ళకీ ఒక ద్వారం ఉంది, ఎర్లీ స్టార్టప్ అని. కానీ ఆ ద్వారం గుండా వచ్చేవాళ్ళ పేర్లన్నీ సెట్టింగ్స్‌లో ఒక జాబితాగా కనిపిస్తాయి. ఇష్టం లేకపోతే టిక్కు తీసెయ్యొచ్చు. అంటే యజమానికి తెలియకుండా ఎవరూ ముందే వచ్చి కూర్చోలేరు.

ఈ ఎరిక్ గామాయే తర్వాత మైక్రోసాఫ్ట్‌లో చేరి విజువల్ స్టూడియో కోడ్‌ని నడిపించాడు. అది 2015లో వచ్చింది. అందులో ప్రతి ఎక్స్‌టెన్షన్ "పైథాన్ ఫైలు తెరిస్తే నన్ను లేపండి" లాంటి షరతుని ముందే రాసి ఇవ్వాలి. పైగా ఎక్స్‌టెన్షన్‌లన్నీ విడిగా వేరే ప్రాసెస్‌లో నడుస్తాయి. ఒకటి పడిపోయినా మీరు టైపు చేస్తున్న కిటికీ పడిపోదు. నా 1998 నాటి కష్టానికి అసలైన మందు ఇదే. అప్పట్లో ప్లగిన్, ప్రోగ్రాం ఒకే ప్రాసెస్‌లో, ఒకే మెమరీలో ఉండేవి. అందుకే వాడు పడితే ఇల్లంతా పడింది. ఇంకో తమాషా ఏమిటంటే, సగం సగం తీసి దొంగని పట్టే పాత మ్యాక్ పద్ధతిని ఇందులోనూ పెట్టారు. బైసెక్ట్ అంటారు. మంచి ఉపాయానికి ముసలితనం రాదు!

మిగతావాళ్ళూ కాపలా పెట్టారు. 2011 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 8, వేరే ప్రోగ్రాంలు దొంగచాటుగా పెట్టిన యాడ్ఆన్‌లని ఆపేసి, ముందు మనల్ని అడగడం మొదలుపెట్టింది. అవుట్‌లుక్ 2013 ఐతే ఏకంగా గడియారం పట్టుకుని కూర్చుంది. వరసగా ఐదుసార్లు తెరిచినప్పుడు పట్టిన సమయాల్లో మధ్యస్థం 1000 మిల్లీసెకన్లు, అంటే ఒక్క సెకను దాటితే ఆ యాడ్ఇన్‌ని తీసి పక్కన పెట్టేస్తుంది.

నేను చేసిన తప్పు

ఇన్ని కబుర్లు చెప్పాను కదా, నా బండారం కూడా బయటపెడతాను. డీటీపీ వదిలి ప్రోగ్రామింగ్‌లోకి వచ్చాక, ఒక ఆఫీసులో అకౌంట్స్ వాళ్ళ స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాంకి ఒక యాడ్ఇన్ రాశాను. అది తెరవగానే సర్వర్‌కి వెళ్ళి రేట్లన్నీ తెచ్చేది. నా కంప్యూటర్లో రెప్పపాటులో అయ్యేది. గొప్పగా అనిపించింది!

ఒకటో తారీఖు. జీతాలు వెయ్యాల్సిన రోజు. సర్వర్ పడుకుంది. నా కోడ్ సర్వర్ జవాబు కోసం అలా ఎదురుచూస్తూనే ఉంది. ఆ సెక్షన్లో ఎవరికీ షీట్లు తెరుచుకోవట్లేదు. జీతాలకీ నా రేట్లకీ అసలు సంబంధమే లేదు! పరిగెత్తుకుంటూ వెళ్ళాను. రిటైర్‌మెంట్‌కి దగ్గరపడిన ఒక మేడమ్ గారు నిదానంగా అడిగారు: "బాబూ, నీ రేట్లు నేను నెలకొక్కసారి చూస్తాను. దానికోసం రోజూ పొద్దున్నే నిన్నెందుకు మొయ్యాలి?"

నా దగ్గర జవాబు లేదు. గుమ్మంలో పడిపోయిన చుట్టం ఈసారి నేనే. ఆ సాయంత్రమే సర్వర్‌కి వెళ్ళే పనిని బటన్ వెనక్కి మార్చాను. ఐదు సెకన్లలో జవాబు రాకపోతే వదిలేసి, పాత రేట్లు చూపించేలా రాశాను. తెరవగానే చేసేది ఒక్కటే, మెనూలో పేరు పెట్టడం. పని పది లైన్లే. కానీ ఆ పది లైన్లూ ముందే రాయనందుకు జీతాలు మధ్యాహ్నానికి గానీ పడలేదు.

కాబట్టి మీరు ప్లగిన్ రాసేవాళ్ళైతే మొదట నడిచే కోడ్‌లో ప్రతి లైన్‌నీ ఈ ప్రశ్న అడగండి: ఇది ఇప్పుడే జరగాలా, లేక యూజర్ అడిగినప్పుడు సరిపోతుందా? నెట్‌వర్క్ పని అక్కడ అస్సలు పెట్టకండి. మీ కోడ్‌లో తప్పు వస్తే అక్కడే పట్టుకోండి, ప్రోగ్రాం మీదకి తోసెయ్యకండి. మీరు వాడేవాళ్ళైతే, ప్రోగ్రాం తెరుచుకోకపోతే వెంటనే తీసి మళ్ళీ వెయ్యకండి. ముందు సేఫ్ మోడ్‌లో తెరిచి చూడండి. తెరుచుకుందంటే చుట్టాల్ని సగం సగం తీస్తూ రండి, దొంగ దొరుకుతాడు.

అన్నట్టు, ఆ పొద్దున పెళ్ళివాళ్ళు తొమ్మిదింటికే వచ్చారు. శుభలేఖలు సిద్ధంగా ఉన్నాయి. ఎఫెక్టులు మాత్రం లేవు. వాళ్ళు అడగనూ లేదు!

మీ కంప్యూటర్లో కూడా ఇలాంటి చుట్టం ఎవరైనా ఇబ్బంది పెడితే, ఎలా పట్టుకున్నారో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. సెలవు, నమస్కారం.